‘ముద్దుగుమ్మ’కు సవరణ

2012 సెప్టెంబరులో నన్ను జనరల్ డెస్కు నుంచి స్పోర్ట్స్ డెస్కుకు మార్చారు. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. ఇరవై నాలుగు గంటలూ వార్తలిచ్చే తెలుగు ఛానళ్ళలో మాదొకటి, పేరు అనవసరం. ఆ డెస్కులో అప్పటికే ఐదుగురు మగవాళ్ళున్నారు, నేను ఆరోదాన్ని. ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కానీ తెనాలిదాన్ని, ఎం.ఏ. తెలుగు చదివినదాన్ని, ప్రాస వెయ్యమంటే నిద్రలో లేపినా వేస్తాను. అందుకే తీసుకున్నారు.

మా పని ఎలా ఉండేదో చెప్పాలి. మండలాల్లో ఉండే విలేకరి టేపూ, దాంతోపాటు నాలుగు ముక్కల సమాచారమూ పంపుతాడు. దాన్ని చూసి యాంకర్ చదవాల్సిన రెండు వాక్యాలు, బొమ్మల మీద వినిపించే వాయిస్ ఓవర్, తెర అడుగున పరిగెత్తే స్క్రోలింగ్ సబ్ ఎడిటర్ రాయాలి. సెకనుకు రెండు మాటల లెక్క. నలభై సెకన్ల ఐటంకు ఎనభై మాటలు. విషయం ముప్పై మాటల్లో అయిపోతే మిగతా యాభై ఎక్కడి నుంచి తెస్తాం? విశేషణాల నుంచే.

మగవాళ్ళ ఆటలకు విశేషణాలు వేరు, ఆడవాళ్ళ ఆటలకు వేరు. మగవాడు గెలిస్తే వీరుడు, యోధుడు, సింహం. ఆడది గెలిస్తే విదేశీయురాలైతే ‘భామ’, మన పిల్లయితే ‘ముద్దుగుమ్మ’, కాస్త గౌరవం ఇవ్వాలనిపిస్తే ‘తెలుగింటి ఆడపడుచు’. ముప్పై ఏళ్ళ హాకీ కెప్టెన్ కూడా మాకు ‘అమ్మాయే’. పతకం తెచ్చిన పిల్లను మా రిపోర్టర్లు అడిగే ప్రశ్నలు రెండే: వంట వచ్చా, పెళ్ళెప్పుడు. బరువులెత్తే పిల్ల ఇంటికి వెళ్ళి, బిందె చంకన పెట్టుకుని నిలబడమన్న కెమెరామన్‌ను నేనెరుగుదును. ఈ వార్తల స్థానం కూడా బులెటిన్ చివర, వాతావరణం తర్వాత. దానికి డెస్కులో ‘తాంబూలం’ అని పేరు. భోజనం అంతా అయ్యాక నోరు తీపి చేసుకోవడానికన్నమాట.

ఆ మాటలన్నీ మగవాళ్ళు రాసేవారు, నేను అడ్డుపడేదాన్ని అని చెప్పుకుంటే ఎంత బాగుండేదో! వాళ్ళకంటే నేనే ఎక్కువ రాశాను. ఆరోదాన్ని కదా, ఐదుగురికీ తీసిపోనని చూపించుకోవాలి. నా ‘భామ’లు చూసి మా బులెటిన్ ప్రొడ్యూసర్ సత్యమూర్తి గారు “శభాష్ విజయా” అనేవారు. ప్రొడ్యూసర్ అంటే ఏ ఐటం ఎన్నో స్థానంలో, ఎన్ని సెకన్లు రావాలో రన్‌డౌన్ అనే జాబితాలో నిర్ణయించే మనిషి. ఆయన శభాష్ అంటే నాకు ఆ పూటకి అన్నం అక్కర్లేదు.

ఆ డిసెంబరులో రాష్ట్ర స్థాయి జూనియర్ అథ్లెటిక్ పోటీలు జరిగాయి. జావెలిన్‌లో నస్రీన్ అనే పదహారేళ్ళ పిల్ల మొదటి స్థానం తెచ్చుకుంది. ఊరు దేవరయాంజాల్. విలేకరి కాగితం మీద షామీర్‌పేట మండలం అని స్పష్టంగానే రాసి పంపాడు. షామీర్‌పేటకు నాకు ప్రాస కుదరలేదు. పక్కనే మేడ్చల్ ఉంది. ‘మేడ్చల్ ముద్దుగుమ్మ మెరుపులు’ అని కొట్టాను. మూడు మకారాలు! సత్యమూర్తి గారు కుర్చీలోంచి లేచి వచ్చి మరీ మెచ్చుకున్నారు. ఐటం తాంబూలంలో పడింది, స్క్రోలింగ్ మాత్రం మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉంది.

మూడో రోజున డెస్కు ఫోన్ మోగింది. ఆ పిల్ల చదివే స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు శంకర్ మాట్లాడుతున్నానన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఊళ్ళో బస్సు స్టేజీ దగ్గర కూర్చునే కుర్రాళ్ళు నస్రీన్‌ను ‘ఓ ముద్దుగుమ్మా’ అని పిలుస్తున్నారట. తండ్రి విన్నాడట. గొడవేమీ పెట్టుకోలేదట, మర్నాటి నుంచి పిల్లను గ్రౌండుకు తేవడం మానేశాడట. రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ రోజుకు హాజరు కాకపోతే వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరుకు పిలుపు వెళ్ళిపోతుంది. “ఆరేండ్లు నేర్పిన మేడమ్. మీరు ఒక్క మాటతోని ఆపేసిన్రు” అని ఆయన ఫోన్ పెట్టేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇల్లు కౌకూర్‌లో. దేవరయాంజాల్ స్కూటీ మీద ఎంతో దూరం కాదు. నా వారపు సెలవు శనివారం. ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను.

నస్రీన్ తండ్రి జహంగీర్ ఆకుకూరలు పండిస్తాడు. ఇంటి వెనకే పాలకూర మళ్ళు. నేను వెళ్ళేసరికి కట్టలు కడుతున్నాడు. నేనెవరినో చెప్పాను. తిడతాడనుకున్నాను. మంచం వాల్చి, “కూసోన్రి మేడమ్” అన్నాడు, లోపలికి చూసి చాయ్ పెట్టమన్నాడు. నాకు ఆ మర్యాదే ఎక్కువ నొప్పి పెట్టింది.

“జహంగీర్ గారూ, మేం మంచి ఉద్దేశంతోనే...” అని మొదలుపెట్టాను.

“గారు గీరు నక్కో మేడమ్. నాకు ఒక్కటి చెప్పున్రి. నేను మూడో తరగతి దాకనే సదివిన. ముద్దు అంటే ఏందో నాకు ఎరికే. గుమ్మ అంటే ఎరికలేదు. ఆ రెండు కలిపి నా బిడ్డకు పెట్టిన్రు. దాని అర్థం ఏంది?”

ఎం.ఏ. తెలుగు చదివినదాన్ని, నిఘంటువులో అర్థం వెతుక్కున్నట్టు తడుముకున్నాను. చివరికి, అందమైన స్త్రీ అని అర్థమండీ అన్నాను.

“ఆడ పోటీ అందానికి పెట్టిన్రా? బరిసెకు గదా!”

ఆయన జావెలిన్‌ను బరిసె అనేవాడు. తప్పయింది అన్నాను. ఉద్యోగంలో చేరాక ఒక వార్త గురించి బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న నస్రీన్ చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంది. కుడి భుజం ఎడమదాని కంటే కొంచెం పెద్దది. తండ్రి కోపం ఒకటైతే ఆ పిల్ల బాధ ఇంకొకటి. “మేడమ్, గా మాట సంగతి నాయిన జూసుకుంటడు. నాది ఇంకోటి. నా జావెలిన్ యాడ వడ్డదో మీరు చూపియ్యనే లేదు” అంది.

నేను ఆ ఐటంను గుర్తు చేసుకున్నాను. జడ బిగించుకోవడం ఉంది. పరుగు ఉంది. చెయ్యి లేవడం ఉంది. ఆ వెంటనే పతకం పట్టుకుని నవ్వడం. మధ్యలో ఈటె గాల్లోకి వెళ్ళింది గానీ నేలమీదికి రాలేదు. ఎన్ని మీటర్లో కూడా నేను రాయలేదు. ఎనభై మాటలు రాశాను, అందులో ముప్పై ఎనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్లు అన్న ఒక్క ముక్క లేదు.

శిబిరానికి పంపండి, లేకపోతే పిల్ల భవిష్యత్తు పాడవుతుంది అని నేను జహంగీర్‌తో అనలేదు. అనే ముఖం నాకెక్కడిది? దిద్దుకుంటాను, ఒక అవకాశం ఇవ్వండి అన్నాను. ఆయన ఇంకో పాలకూర కట్ట కట్టి పక్కన పెట్టాడు. “మల్ల ఏం రాస్తరో ముందుగాల నాకు సదివి వినిపియ్యాలె. మంచిగనిపిస్తెనే టీవీల వెయ్యాలె. అప్పుడు శిబిరం సంగతి జూస్త” అన్నాడు. ప్రసారానికి ముందు స్క్రిప్టును వార్తలోని మనిషికి చూపించడం మా వృత్తిలో నిషేధం. సరేనన్నాను.

ఆఫీసులో ఇంకో చిక్కు. సవరణకు మాకో పద్ధతి ఉంది. పేరో ఊరో అంకెనో తప్పు పడితే అదే బులెటిన్‌లో, అదే స్థానంలో, అన్నే సెకన్లతో సరిచెయ్యాలి. తప్పు చేసిన సబ్ ఎడిటర్ సంజాయిషీ రాసివ్వాలి. విశేషణానికి సవరణ లేదు. “పొగిడినందుకు ఎవరైనా సారీ చెబుతారా విజయా?” అన్నారు సత్యమూర్తి గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

అప్పుడు తట్టింది. ముద్దుగుమ్మ అనడం తప్పు కాకపోవచ్చు, మేడ్చల్ అనడం తప్పే కదా! ఆ పిల్లది షామీర్‌పేట మండలం. విలేకరి కాగితమే సాక్ష్యం. నా పీక నేనే కోసుకున్నట్టు సంజాయిషీ రాసిచ్చాను: ‘ప్రాస కోసం మండలం మార్చాను.’ ఆ కాగితం నోటీసు బోర్డు దాకా వెళ్ళింది, డెస్కంతా వారం రోజులు నవ్వుకుంది. నలభై సెకన్లు మాత్రం నా చేతికొచ్చాయి.

పాత టేపు తెప్పించి మొత్తం చూశాను. ఈటె పడిన దృశ్యం ఎడిటింగ్‌లో పోలేదు, అసలు తియ్యనే లేదు. ఈటె చెయ్యి దాటగానే కెమెరా నస్రీన్ మొహం మీదే నిలిచిపోయింది. మగపిల్లల పోటీ టేపు కూడా వేసి చూశాను. అదే కెమెరా, అదే మనిషి. అక్కడ ఈటె వెంట నేలదాకా వెళ్ళాడు. అతన్ని అడిగితే, “ఏమో మేడమ్, అలవాటు” అన్నాడు. అంతకంటే నిజం ఎవరు చెబుతారు?

మళ్ళీ తియ్యాల్సిందే. ఈసారి మా ఆఫీసు కెమెరామన్ బాలును తీసుకుని బుధవారం మధ్యాహ్నం దేవరయాంజాల్ వెళ్ళాను. జహంగీర్ స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. మంచం మీద నేను, ఎదురుగా పీట మీద ఆయన, వెనక నస్రీన్. చదవడం మొదలుపెట్టాను. రెండు రాత్రులు కూర్చుని గౌరవంగా, చాలా గౌరవంగా రాసిన స్క్రిప్టది.

“నిరుపేద కూరగాయల రైతు ఇంట పుట్టి...”

“ఆగున్రి. నిరుపేద ఎవరు? ఎకరం పాలకూర ఉన్నది నాకు, బండి ఉన్నది. కొట్టెయ్యున్రి.”

కొట్టేశాను. తర్వాతి వాక్యం ‘సంప్రదాయ సంకెళ్ళను తెంచుకుని’ అని ఉంది. ఆయన పకపకా నవ్వాడు. “ఏం సంకెళ్లు మేడమ్! ఆరేండ్ల సంది పొద్దుగాల ఐదింటికి నేనే బండి మీద గ్రౌండు కాడ దింపొస్తున్న. తెంచుకునుడేంది?” దాన్నీ కొట్టేశాను. ‘బంగారు కొండ’ పోయింది. ‘ఆణిముత్యం’ పోయింది. ‘తండ్రి కల నెరవేర్చిన’ దగ్గర ఆయన ఒక్క క్షణం తటపటాయించి, తనకు అసలు అట్లాంటి కల లేదని, ఆ కల పిల్లదేనని చెప్పాడు. అదీ పోయింది.

‘ఆడపిల్ల అయినా’ అనే చోట ఆయన ఏమీ అనలేదు. వెనక నుంచి నస్రీనే అంది. “అయినా ఏంది మేడమ్?”

దాన్నీ గీతపెట్టి కొట్టేశాను. పత్రికల్లోనూ టీవీలోనూ కలిపి ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ ‘అయినా’ను ఎన్నిసార్లు రాశానో, నా గురించి ఎంతమంది అంటే మెచ్చుకోలుగా తీసుకున్నానో అప్పుడు గుర్తొచ్చింది. చివరికి కాగితం మీద పేరు, ఊరు, మండలం, పోటీ, మీటర్లు, స్థానం మిగిలాయి. మేడ్చల్ అని చెప్పడం మా పొరపాటు అన్న వాక్యం మిగిలింది. మొత్తం ఇరవై ఎనిమిది మాటలు.

“ఇగ మంచిగున్నది. నడువున్రి” అని జహంగీర్ బండి తీశాడు.

స్కూలు గ్రౌండులో శంకర్ సార్ మాకోసం కాచుకుని ఉన్నారు. బాలు కూడా అదే అలవాటు ప్రకారం నస్రీన్ పక్కన ట్రైపాడ్ పెట్టి, జడ ముందుకు వేసుకోమన్నాడు. “అన్నా, నా మొకంల ఏమున్నది? మీరు గాడికి వోయి నిలవడున్రి” అని ఆ పిల్ల దూరంగా సున్నం గీతలు చూపించింది. బాలు నావైపు చూశాడు. వెళ్ళమన్నాను. పాపం, బిక్కుబిక్కుమంటూనే వెళ్ళాడు. గీతలకు అవతలగా, పక్కకు జరిగి కెమెరా పెట్టుకున్నాడు. మైకును నేలకు దగ్గరగా అమర్చాడు. శంకర్ సార్, జహంగీర్, నేను అతని వెనక నిలబడ్డాం.

అప్పుడే తెలిసింది, జహంగీర్ కూతురు విసరడం ఎప్పుడూ చూడలేదని. ఆరేళ్ళుగా గేటు దగ్గర దింపేసి అటునుంచి అటే మార్కెట్‌కు పోయేవాడు. ఆకుకూర ఎండ ముదిరేదాకా ఆగదు. పోటీలకు శంకర్ సార్ తీసుకెళ్ళేవారు.

అంత దూరం నుంచి నస్రీన్ చిన్నగా కనిపించింది. పరిగెత్తింది. ఈటె లేచింది. మొదట సన్నటి గీతలా ఉంది, తర్వాత అది మావైపే వస్తున్నట్టు పెద్దదవుతూ వచ్చింది. మాకు కాస్త ముందుగా, పక్కన, ఎర్రమట్టిలో ‘థక్’మని దిగి తోక ఊపింది. జహంగీర్ “యా అల్లా” అని ఒకడుగు వెనక్కి వేశాడు.

తర్వాత మెల్లగా నడిచి వెళ్ళి దాని దగ్గర కూర్చున్నాడు. శంకర్ సార్ కొలిచే టేపు తేబోతే ఆగమని చెయ్యి చూపించాడు. మట్టిలో పడిన బొక్కను వేలితో తడిమాడు. ఈటె పెరికి, తుడిచి, భుజాన వేసుకుని కూతురి దగ్గరకు నడిచాడు. దారంతా పెదవులు కదులుతున్నాయి. ఏదో చదువుకుంటున్నాడనుకున్నాను. దగ్గరకొచ్చాక వినపడింది, అడుగులు లెక్కపెడుతున్నాడు. ఆరుసార్లు విసిరింది, ఆరుసార్లూ ఆయనే వెళ్ళి తెచ్చాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నాకు కళ్ళు మాటిమాటికీ తడిసిపోతుంటే ఎండ వంక పెట్టి చలువ అద్దాలు పెట్టుకున్నాను.

ఆఫీసులో లెక్క చూస్తే ఇరవై ఎనిమిది మాటలకు పద్నాలుగు సెకన్లు. ఇంకా ఇరవై ఆరు సెకన్లు ఖాళీ. సవరణ అన్నే సెకన్లు ఉండాలన్నది రూలు. అంతసేపూ మాట లేకుండా మూడు విసుర్లు పూర్తిగా వేద్దామన్నాను: పరుగు, గాల్లో ఈటె, నేలలో దిగిన చప్పుడు. తెర మూలన ‘సాధన దృశ్యాలు’ అని రాయించాను. పోటీ దృశ్యాలు కావు కాబట్టి అలా రాసి తీరాలి. సత్యమూర్తి గారు తల పట్టుకున్నారు. సౌండు పోయిందనుకుని జనం రిమోట్ నొక్కేస్తారమ్మా అన్నారు. క్రికెట్‌లో బంతి బౌండరీ దాకా పోయేటప్పుడు మనం మాట్లాడతామా అన్నాను. వాతావరణం తర్వాత, అదే తాంబూలంలో, వేశారు.

సౌండు రాలేదని నిజంగానే నాలుగు ఫోన్లు వచ్చాయి. మెచ్చుకుంటూ ఒక్కటీ రాలేదు.

శిబిరానికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే జహంగీర్ ఫోన్ చేశాడు. ఆ ఐటం చూశారా, కుర్రాళ్ళు మానేశారా అని ఆత్రంగా అడిగాను.

“యాడ మానేస్తరు మేడమ్! నిన్న గూడ అన్నరు. మీ టీవీల తప్పు దిద్దింది వాళ్లు సూడనే లేదు. ముద్దుగుమ్మ మాత్రం యాదికున్నది.”

నా ప్రాణం ఉసూరుమంది. అయితే పంపడం లేదా అన్నాను.

“బేటీని ఇప్పుడే బస్సు ఎక్కించిన. అననీ మేడమ్, ఎవరేమన్నా అననీ. ముందు నాకు ఎరికలేక పరేషాన్ అయిన. ఇప్పుడు యాడ వడ్డదో నేను నా కండ్లతోని జూసిన” అన్నాడు. మార్కెట్‌కు ఆలస్యమవుతోందని పెట్టేశాడు.

నా సవరణ ఆ ఊళ్ళో ఎవరి నోరూ మూయించలేదు. ఆ మాటను వెనక్కి తేవడం నా వల్ల కాలేదు. ప్రసారమైన మాట కథ అంతే. ఆ పిల్ల శిబిరానికి వెళ్ళింది నా స్క్రిప్టు వల్ల కాదు, వాళ్ళ నాన్న గ్రౌండులో నిలబడి చూడడం వల్ల. మేం చెయ్యాల్సిన ఉద్యోగం అదే: గ్రౌండుకు రాలేని వాళ్ళకు, ఎక్కడ పడిందో చూపించడం. ఆ తర్వాత ఆరేళ్ళు స్పోర్ట్స్ డెస్కులోనే పనిచేసి రిటైరయ్యాను. ఆడపిల్లల ఐటం ఏది వచ్చినా ముందు మీటర్లో సెకన్లో గోల్సో రాసేదాన్ని. తర్వాత రాసిన ప్రతి మాటనూ, ఎదురుగా ఆ పిల్ల తండ్రి పీట మీద కూర్చుని ఉంటే పైకి చదవగలనా అని చూసుకునేదాన్ని. చదవలేనివి కొట్టేసేదాన్ని. చాలా కొట్టేశాను.